ఎండ్ మ్యూజిక్ ఎవరు వేయమన్నారు?

మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచికకు నా ఉద్యోగ జీవితం గురించి రాయమని అడిగారు. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఈ సంఘం నన్ను ఏదైనా రాయమని అడగడం ఇదే మొదలు. అదీ ఎందుకు అడిగారో దాచలేదు. రాస్తానన్న డాక్టరుగారెవరో చివరి నిమిషంలో రాయలేనన్నారట, రెండు మూడు పేజీలు ఖాళీగా ఉండిపోయాయట. సంపాదకురాలు చిన్న పిల్ల, ఉన్న మాట చెప్పేసింది. యువతకి ఉత్సాహం కలిగేలా, పాజిటివ్‌గా రాయమని కూడా చెప్పింది.

ఆరేళ్లలో ఈ సంఘం కార్యవర్గానికి నేను పదకొండు ఈమెయిళ్లు రాశాను. పదకొండింటిలోనూ అడిగింది ఒకటే ప్రశ్న. ఒకసారి మాత్రం "నోటెడ్, థాంక్స్" అని వచ్చింది. దాన్ని నేను జవాబుగా లెక్కవేయను. రిజిస్టర్డ్ ఉత్తరం కూడా పంపాను. ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు, ఆ సంతకం ఎవరిదో చదవడానికి రాలేదు. కాబట్టి ఖాళీగా ఉన్న ఈ పేజీలను ఆ ప్రశ్నకే వాడుకుంటున్నాను. యువత ఇందులో నేర్చుకోగలిగింది ఏమైనా ఉంటే నేర్చుకోవచ్చు.

నేను స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పేవాణ్ణి. అంతకు ముందు హైదరాబాదులో తొమ్మిదేళ్లు టీవీ సీరియళ్లకు మాటలు రాశాను. అక్కడ రాయడమంటే ఏమిటో మీకు తెలియదు. మేకప్ రూము పక్క గదిలో కూర్చుని, అవతల ఆర్టిస్టుకు బొట్టు పెడుతుండగా ఆవిడ చెప్పాల్సిన మాటలు రాయాలి. సిరా ఆరకుండానే కాగితం లాక్కుపోతారు. ఆ రోజుల్లోనే సాయంత్రాలు ఒక శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. రెండు వేల ఒకటిలో నా భార్యకు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది, ఆవిడ వెనక డిపెండెంట్ వీసా మీద నేనూ వచ్చాను. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పార్టీల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు, "వైఫ్ టెస్టింగ్‌లో ఉన్నారు, ఈయన ఇంట్లోనే ఉంటారు" అనేవారు. అలా అన్న వాళ్లలో నలుగురి ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

గ్రీన్ కార్డు వచ్చాక ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా స్క్రీన్‌రైటింగ్ చెప్పాను. ఎనిమిదేళ్లు చెప్పాను, మొన్న మేలో మానేశాను. ఎనిమిదేళ్లలో తలుపు మీద నా పేరు పలక పెట్టలేదు. ఆర్డర్ వెళ్లిందని సెక్రటరీ అనేది. నేనే పసుపుపచ్చ చీటీ మీద పేరు రాసి అంటించుకునేవాణ్ణి. ప్రతి శుక్రవారం శుభ్రం చేసేవాళ్లు పీకేసేవారు, ప్రతి సోమవారం మళ్లీ అంటించేవాణ్ణి. ఒక తెలుగు చానెల్ ఇక్కడ ఆఫీసు తెరిచినప్పుడు అందులో చేరిన కుర్రవాళ్లకు రాయడం నేర్పాను. అది మూతపడింది. మూతపడుతోందని నాకు ఎవరూ చెప్పలేదు. పాఠం చెప్పడానికి వెళ్తే తాళం వేసి ఉంది.

కానీ నేను రాయాలనుకున్నది వీటి గురించి కాదు. శనివారం క్లాసు గురించి.

ఐసెలిన్ దగ్గర లైబ్రరీలో ఒక మీటింగ్ రూము ఉండేది. శనివారం మధ్యాహ్నాలు అందులో తెలుగులో నాటకం, సీరియల్ రాయడం ఉచితంగా నేర్పేవాణ్ణి. ఎమ్మెస్ చదువుకునే పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిపి పది పన్నెండు మంది వచ్చేవారు. నా క్లాసులో గట్టి నియమం ఒకటుండేది. రాసినవాళ్లు తమ సీను తాము చదవకూడదు. వేరేవాళ్లు చదువుతుంటే నోరు మూసుకుని వినాలి. విని, 'అక్కడ నా ఉద్దేశం ఏంటంటే' అని ఎవరైనా మొదలుపెడితే ఆ లైను కొట్టేయమనేవాణ్ణి.

రెండు వేల తొమ్మిది ఫిబ్రవరిలో ఒక పెద్దావిడ వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. కూతురి దగ్గరికి ఆరు నెలలకు వచ్చారు. పక్క వీధిలో మనవడి ఈత క్లాసు అయ్యేదాకా కూర్చుంటానని, దేనికీ అడ్డం రానని అన్నారు. మూడు వారాలు నిజంగానే అడ్డం రాలేదు. నాలుగో వారం ఒక కుర్రాడు రాసిన ఫోన్ సంభాషణ చదువుతున్నాం. అందులో తమ్ముడు ఫోన్ ఎత్తగానే అన్న గుక్క తిప్పుకోకుండా కుటుంబ సమస్య మొత్తం చెప్పేస్తాడు. వెనక నుంచి నవ్వు వినబడింది. నా క్లాసులో నవ్వితే నేను ఊరుకోను. ఏమిటని అడిగాను.

"ఫోన్‌లో ఎవరూ అట్లా చెప్పరండీ. చెప్పాల్సిన ముక్క ఆఖరి అర నిమిషంలో చెప్తారు. కొంతమంది అదీ చెప్పరు, పెట్టేస్తారు."

పదిహేనేళ్లుగా సంభాషణ గురించి నేను చెబుతున్నదంతా ఆవిడ మూడు వాక్యాల్లో చెప్పేశారు. ఆ సంగతి ఆ రోజు నేను ఒప్పుకోలేదు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఆవిడ ముప్పై రెండేళ్లు ఖమ్మం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంక్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటి పిల్లలకు ట్రంక్ కాల్ తెలియదు. వేరే ఊరికి మాట్లాడాలంటే ముందుగా బుక్ చేసుకుని గంటలు గంటలు ఎదురుచూడాలి. ఆపరేటరు లైను కలుపుతుంది. మూడు నిమిషాలు కాగానే లైన్లోకి వచ్చి, టైం అయిపోయింది, పొడిగించమంటారా అని అడుగుతుంది. అంటే ముప్పై రెండేళ్లు ఆవిడ ఊళ్లో వాళ్ల మాటలు చెవిలో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ మాత్రం మాట్లాడడానికి వీల్లేదు. రూలు ప్రకారం ఆవిడ అనగలిగినవి అయిదారు వాక్యాలే.

రాయమన్నాను. మనవడి స్కూలు నోటుబుక్కులో పదకొండు నిమిషాల సీను రాసుకొచ్చారు. తండ్రి పోయిన ఒక యువకుడు సూరత్‌లో ఉన్న అన్నకు ట్రంక్ కాల్ చేస్తాడు. వానల గురించి అడుగుతాడు, వదిన గురించి అడుగుతాడు, బర్రె ఈనిందని చెబుతాడు. అసలు మాట నోటికి రాదు. మూడు నిమిషాలు అయిపోతాయి. ఆపరేటరుకు సంగతి తెలుసు, కాల్ బుక్ చేసేటప్పుడు అతను ఏడ్చాడు. ఆవిడ లైను ఆపదు. ఆరు నిమిషాలు అవుతాయి. "సరే మరి, ఉంటా" అంటాడు అన్న. అప్పుడు ఆపరేటరు రూలు తప్పి, లైన్లోకి వచ్చి అంటుంది: "మీ తమ్ముడు చెప్పలేకపోతున్నాడండీ. మీరు బయల్దేరి రండి."

ఇది జరిగిందేనా అని అడిగాను. జరిగిందేనన్నారు. అలా మాట్లాడినందుకు మెమో కూడా ఇచ్చారట.

క్లాసులో ఆ సీను చదివింది వరంగల్ నుంచి వచ్చిన ఎమ్మెస్ అమ్మాయి. పార్కింగ్ టైమయిపోతోందని కారు తీయడానికి లేచిన ఒకాయన నిలబడే ఉండిపోయాడు, జరిమానా కట్టాడు. నేను ఎవరినీ మెచ్చుకోను. ఆ రోజూ మెచ్చుకోలేదు. రెండు లైన్లు ఎక్కువగా ఉన్నాయన్నాను. మరుసటి వారం ఆవిడ నాలుగు లైన్లు తీసేసి తెచ్చారు.

ఆ జూలైలో సంఘం మహాసభలు. మా క్లాసు నాటకానికి నలభై నిమిషాలు ఇచ్చారు. ఫోన్ చుట్టూ అల్లిన నాలుగు చిన్న సీన్లు. చివరిది ఆవిడది. మహాసభలు అయిన అయిదో రోజు ఆవిడ తిరుగు ప్రయాణం. ఆ ఒక్క మాట వెయ్యి మంది ముందు ఎవరో పలుకుతుంటే కూర్చుని వినాలని ఆవిడ కోరిక. ఇంకేమీ అడగలేదు. "మనం అన్న మాట మనకి వినపడదు కదండీ, ఎట్లా ఉంటదో ఒకసారి విందామని" అన్నారు.

ఇక్కడ మన సభల్లో ఒక పద్ధతి ఉంది, మీకందరికీ తెలుసు. నాటకం మాటలన్నీ ముందే రికార్డు చేస్తారు. స్టేజి మీద నటులు పెదాలు కదుపుతారు. నేను క్లాసులో దాన్ని తిట్టని వారం లేదు. సాంస్కృతిక కమిటీ అధ్యక్షుడు, కన్సల్టింగ్ కంపెనీ ఉన్న పెద్దమనిషి, నన్ను పిలిచి నచ్చజెప్పాడు. "మాస్టారూ, మీవాళ్లంతా వీకెండ్ ఆర్టిస్టులు. అంత హాల్లో గొంతు పోతే ఎవరు రెస్పాన్సిబుల్? ట్రాక్ అయితే సేఫ్." కాదంటే స్లాట్ డాన్సు స్కూలుకి వెళ్లిపోతుందని కూడా మెల్లగా అన్నాడు. నేను ఒప్పుకున్నాను. అది నా మొదటి తప్పు.

ఒకరి బేస్‌మెంట్లో గోడలకు బొంతల్లాంటి కంఫర్టర్లు వేలాడదీసి రెండు శనివారాలు రికార్డు చేశాం. ఆపరేటరు గొంతు వరంగల్ అమ్మాయిదే. పెద్దావిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "హలో ట్రంక్స్" అనేటప్పుడు నోరు అంత తెరవకూడదని, ఎనిమిది గంటల డ్యూటీలో ఎవరూ అంత తెరవరని చెప్పారు. ఆ అమ్మాయి ఆ రెండు మాటలూ ఇరవైసార్లు చెప్పింది. రిహార్సళ్లు ఎన్ని చేశామంటే, ట్రాక్ లేకపోయినా నాటకమంతా ఆ అమ్మాయికి నోటికి వచ్చేసింది. ఇది గుర్తుంచుకోండి. అక్కడే నా రెండో తప్పు ఉంది.

సభల రోజు మాకు నాలుగున్నరకు టైమిచ్చారు. సన్మానాలు మొదలయ్యాయి. మన సభల్లో సన్మానం మొదలైతే ఆపగలిగిన శక్తి లేదు. స్పాన్సర్లకు శాలువాలు, వాళ్ల భార్యలకు శాలువాలు, శాలువాలు కప్పినవాళ్లకు శాలువాలు. మేకప్ వేసుకున్న పిల్లలు రెండు గంటలు నిలబడ్డారు. ఆరు దాటాక తెర లేచింది.

మొదటి మూడు సీన్లూ బాగా జరిగాయి. నవ్వాల్సినచోట నవ్వారు. నాలుగో సీను మొదలైంది. అట్టతో చేసిన స్విచ్‌బోర్డు ముందు అమ్మాయి, ఇటు చివర తమ్ముడు, అటు చివర అన్న. "హలో ట్రంక్స్" అని వచ్చింది. తమ్ముడు వానల సంగతి అడిగాడు. వదిన ఎలా ఉందన్నాడు. అక్కడ ట్రాక్ ఆగిపోయి, ఎండ్ మ్యూజిక్ వచ్చింది.

నాకు మొదట అర్థం కాలేదు. వేణువు, దాని వెనక వయొలిన్, నాటకం పూర్తయ్యాక వేయమని నేనే ఇచ్చిన ముక్క. ఆ అమ్మాయి బోర్డు ముందు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చునే ఉంది. తెర దించే హాలు ఉద్యోగి, అమెరికన్, నా పక్కనే నిలబడి దించమంటావా అని చేత్తో సైగ చేశాడు. అమ్మాయి తల ఇటు తిప్పింది.

"సార్, నాకు లైన్లన్నీ వస్తయ్. మైకు లేకున్నా గట్టిగ చెప్తా. మాట్లాడమంటరా?"

నేను ఏమన్నానో చెబుతాను. ఇంతవరకు పదకొండు ఈమెయిళ్లలో ఒక్కదాంట్లోనూ ఇది రాయలేదు. "ఉండమ్మా, ముందు ఇది ఎవరు ఆపారో తేలాలి" అన్నాను. అని మెట్లు దిగి, హాలు వెనక ఉన్న సౌండ్ టేబుల్ వైపు పరుగెత్తాను.

నడవా నిండా జనం. ఒకాయన నన్ను ఆపి, వాళ్లబ్బాయికి సినిమాల్లో అవకాశం గురించి అడిగాడు. నేను టేబుల్ దగ్గరికి చేరేసరికి తెర దిగిపోయింది. నేను వెళ్లిపోవడమే దించమనడం అనుకున్నాడట ఆ అమెరికన్. జనం చప్పట్లు కొడుతున్నారు. ఇప్పటికీ నాకు మింగుడు పడనిది అదే. చప్పట్లు బాగా కొట్టారు. ఎండింగ్ ఎంత టచింగ్‌గా ఉందో అని యాంకర్ గొంతు గద్గదం చేసుకుంది. తర్వాత భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి నా భుజం తట్టి, "ఓపెన్ ఎండింగ్ అదరగొట్టారు సార్, ఆలోచించేట్టు వదిలేశారు" అన్నాడు. నేను వదిలేయలేదని పది నిమిషాలు చెప్పాను. అదీ నా వినయమే అనుకున్నాడు.

సౌండు చూసేవాణ్ణి నిలదీశాను. పాపం, అతను డబ్బుకు వచ్చినవాడు. "ఎవరో వచ్చి, ఇంక చాలు, ఎండ్ మ్యూజిక్ వేసెయ్ అన్నారు సార్. పేరు తెల్వదు, మొహం చూడలే. ఎర్ర రిబ్బన్ బ్యాడ్జి ఉండె." ఎర్ర రిబ్బన్లు ఆ రోజు ముగ్గురికే ఇచ్చారు. సాంస్కృతిక అధ్యక్షుడు, టైం చూసే స్టేజి మేనేజర్, యాంకర్. అంటే ఆ ముగ్గురిలో ఒకరు.

పెద్దావిడ బయట కారిడార్లో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కొత్త పట్టుచీర. పక్కన మనవడు సమోసా తింటున్నాడు. మ్యూజిక్ ముందు పడిపోయింది అన్నాను. ఆవిడకి కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"లైన్ తెగిపోతే పార్టీకి కారణం చెప్పాలండీ. ఫాల్ట్ అనో, టైం అయిపోయిందనో. మా దగ్గర అది రూలు. చెప్పకపోతే ఆ మనిషి రిసీవర్ పట్టుకుని అట్లనే నిలబడి ఉంటాడు." మనవడి మూతి తుడిచి, "కారణం ఏంటో కనుక్కుని చెప్పండి" అన్నారు.

వారంలో చెబుతానన్నాను. ఆవిడ గురువారం విమానం ఎక్కారు.

అప్పుడు మొదలైంది. అధ్యక్షుడికి ఫోన్ చేస్తే, "అది ఏ ఒక్కరి డెసిషనూ కాదు మాస్టారూ, టీమ్ డెసిషన్. ఆడియన్స్ ఎంజాయ్ చేశారు కదా, ఇంక లైట్ తీసుకోండి" అన్నాడు. స్టేజి మేనేజర్ ఆ సమయంలో తన కూతుర్ని హోటల్ నుంచి తీసుకురావడానికి వెళ్లాడట. యాంకర్‌కి చేతిలో ఉన్న కాగితం తప్ప మరేమీ తెలియదట. రెండేళ్లకొకసారి కార్యవర్గం మారుతుంది. కొత్తవాళ్లు పాతవాళ్లను అడగమంటారు, పాతవాళ్లు తమకిప్పుడు సంబంధం లేదంటారు. గట్టిగా అడిగితే అందరూ అనేది ఒకటే, మేమంతా వాలంటీర్లం కదండీ అని. జీతం తీసుకోకపోతే జవాబు చెప్పనక్కర్లేదన్న రూలు ఎక్కడుందో నాకు తెలియదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు తీసుకోవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు.

తర్వాత సభల డీవీడీ వచ్చింది. అందులోనూ నాటకం వదిన ఎలా ఉందన్న దగ్గరే అయిపోతుంది. చివర పేర్లు వచ్చాయి. రచన అని నా పేరు వేశారు. ఆ సీను నాది కాదు. ఆవిడ పేరు ఏదని వెతికితే, అట్టడుగున 'సహకారం: ఖమ్మం ఆంటీ' అని ఉంది. ముప్పై రెండేళ్ల సర్వీసు ఉన్న మనిషికి, పదకొండు నిమిషాల సీను రాసిన మనిషికి పేరు ఉండదా అని నాలుగో ఈమెయిల్లో అసలు ప్రశ్న కింద చేర్చాను.

ఆ వరంగల్ అమ్మాయి ఇప్పుడు వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ల కిందట ఫోన్ చేసింది. నేను అలవాటు ప్రకారం ఎర్ర రిబ్బన్ల సంగతి ఎత్తాను. అంతా విని ఆ అమ్మాయి అంది: "సార్, మీరు చెప్పు అంటే చెప్తుంటి కదా. ఎవరాపిన్రో మర్నాడు కూడా తెల్సుకోవచ్చుండె. ఆ మాట మర్నాడు చెప్పనీకి రాదు."

రెండు నెలలు ఆ పిల్ల ఫోను ఎత్తలేదు నేను. తర్వాత ఎత్తాను. ఆ పిల్ల అన్నది నిజమే. రాయాలనుకునే పిల్లలకు నా అనుభవం నుంచి చెప్పగలిగింది ఇదొక్కటే. స్టేజి మీద మీ మనిషి నోరు తెరిచి సిద్ధంగా ఉంటే, మాట్లాడమనండి. తగాదా తర్వాత పెట్టుకోండి. పదిహేనేళ్లు సంభాషణ పాఠాలు చెప్పిన నాకు, ఒక్క మాట "చెప్పు" అనడం ఆ వేళ తోచలేదు.

నా తప్పు నేను రాసుకున్నాను కాబట్టి ఎర్ర రిబ్బన్ మనిషి తప్పు మాఫీ అయిందనుకోవద్దు. నా తప్పుకు వయసు ఒక అర నిమిషం. అంతకు ముందు ఆ టేబుల్ దగ్గరికి నడిచి వెళ్లి, ఇంక చాలు అన్నవాళ్లు ఒకరున్నారు. చాలని ఎలా నిర్ణయించారు? సీను చదివారా? డాన్సు పిల్లల తల్లిదండ్రులు తొందర పెట్టారా? ఆకలేసిందా? ఏదైనా కారణమే. ఆకలేసిందన్నా నేను ఒప్పుకుంటాను.

ఆవిడకు డెబ్బై అయిదు దాటాయి. ఖమ్మంలో ఉంటారు. నెలకోసారి ఫోన్ చేస్తాను. కూతురు సంగతి, మనవడి సంగతి, ఎండల సంగతి మాట్లాడుకుంటాం. పెట్టేసే ముందు, ఆఖరి అర నిమిషంలో, "చెప్పారా అండీ?" అని అడుగుతారు. ఇంకా లేదంటాను. ఆరేళ్లుగా ఇంకా లేదంటున్నాను.

నాకు క్షమాపణ వద్దు. శాలువా అసలే వద్దు. వచ్చే సభల్లో పది నిమిషాలు ఇస్తామని బేరం పెట్టవద్దు. ఆ ముగ్గురూ ఈ సంచిక చందాదారులే, ముగ్గురి ఇళ్లకూ ఇది పోస్టులో వస్తుంది. మీలో ఆ మాట అన్నదెవరో మీకు తెలుసు. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే నాకు చెప్పవద్దు. ఆవిడ నెంబరు సంపాదకురాలి దగ్గర పెట్టాను. అక్కడ పొద్దున్న తొమ్మిదింటికి చేయండి, మొదటి రింగుకే తీస్తారు. మీ పేరు చెప్పి, ఎందుకు ఆపారో చెప్పండి. మూడు నిమిషాలు కూడా పట్టదు. చేయండి.